బాటపక్క బస, జూదశాల, చట్టం: తెలుగునేలపై కేసినో హోటల్ పుట్టని చరిత్ర

కీలకపదాలు: పూటకూటిల్లు, జూదశాల, రమ్మీ, గేమింగ్ చట్టం, కేసినో

బాపట్ల జిల్లా వేటపాలెం సమీపంలోని రామాపురం సముద్రతీరంలో ఇటీవలి దశాబ్దాల్లో రిసార్టులు వెలిశాయి. అక్కడ విడిది చేసేవారికి గది, భోజనం, సముద్రతీరం లభిస్తాయి. లైసెన్సు పొందిన జూదపు బల్ల మాత్రం లభించదు. ఈ లేమికి కారణం ఆచారంలో కంటే చట్టంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

బాటపక్క కేసినో హోటల్ అమెరికాలోని నెవాడాలో రూపుదిద్దుకుంది. ఆ రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. కార్లలో ప్రయాణించేవారికి బసలు నడిపిన థామస్ హల్, 1941 ఏప్రిల్ 3న లాస్ వేగాస్ పొలిమేర బయట, 91వ నంబరు రహదారి పక్కన ఎల్ రాంచో వేగాస్‌ను ప్రారంభించాడు. కుటీరాల వంటి గదులు, ఈతకొలను, వాటి నడుమ కేసినో ఉండేవి. 1960లో అది అగ్నికి ఆహుతైనా, జూదపు రాబడితో చౌక బసను పోషించే పద్ధతి మాత్రం నిలిచింది.

తెలుగునాట బస, ఆట రెండూ పాతవే. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటిల్లూ ఉంది, వీధి వినోదాలూ ఉన్నాయి. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మది ఒక ఇల్లు, పేకాట సాగే మధురవాణి ఇల్లు మరొకటి. గురజాడ ఈ రెంటినీ వేరుగా ఉంచడం యాదృచ్ఛికమే కావచ్చు. చట్టం అడ్డుకున్నది మాత్రం సరిగ్గా వీటి కలయికనే.

జూదాన్ని ఒకచోట చేర్చి పన్ను రాబట్టడం కౌటిల్యునికి తెలిసిన పద్ధతి. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతులు ద్యూతాధ్యక్షుడు తీసుకోవాలని అర్థశాస్త్రం నిర్దేశిస్తుంది. వలసపాలనా కాలపు చట్టాలు ఈ మార్గాన్ని వదిలి నిషేధాన్ని ఎంచుకున్నాయి. కోస్తాంధ్రకు 1930 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు నిజాం కాలపు చట్టం వర్తించేవి. రెంటి స్థానంలో 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. జూద పరికరాలను ఉంచి యజమాని లాభం పొందే ఇల్లు, గది, డేరా, వాహనం, పడవ ఏదైనా దాని దృష్టిలో జూదగృహమే. హల్ వ్యాపారానికి ఆయువుపట్టు అయిన ఈ లాభమే ఇక్కడ నేరానికి గుర్తు.

ఈ అంశాన్ని సుప్రీంకోర్టు 1967లోనే పరిశీలించింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేసి, డబ్బుకు రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడం నేర్పుతో కూడిన పనులనీ, మూడు ముక్కలాటలా రమ్మీ కేవలం అదృష్టంపై ఆధారపడదనీ న్యాయస్థానం భావించింది. సదుపాయాల కోసం సభ్యుల నుంచి వసూలు చేసిన రుసుమును జూదపు లాభంగా పరిగణించలేదు. అయితే పందెపు ఆటమీద యజమాని లాభం పొందుతున్నట్లు రుజువైతే నేరం నిలుస్తుందని కూడా పేర్కొంది. క్లబ్బుకు ఊపిరి పోసి హోటలుకు దారి మూసిన వాక్యమిది.

కేసినోను అనుమతించిన చోట కూడా సామాన్యుని బసకు చోటు దక్కలేదు. గోవా 1992 సవరణతో ఐదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాలపై ఆడే జూదానికి, 1996లో నౌకలపై కేసినోలకు మార్గం తెరిచింది.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించాయి. డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటల విషయంలో నేర్పుకూ అదృష్టానికీ మధ్య తేడాను 2025 నాటి కేంద్ర చట్టం పాటించలేదు.