ఫార్మసీ సీటు: కాలేజీ మనల్ని కాదు, మనమే కాలేజీని ప్రశ్నలడగాలి

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయంటే పుల్లలచెరువు, యర్రగొండపాలెం, మార్కాపురం వైపు ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ‘బీఫార్మసీ సీటుంది, ఫార్మ్‌డీ కూడా ఉంది, అడ్వాన్స్ కట్టేయండి, పాపను ఇంటర్వ్యూకు తీసుకురండి’ అంటారు. ఇంటర్వ్యూ అనగానే అమ్మీ, అబ్బా ఇద్దరూ కంగారు పడతారు. నిజానికి కన్వీనర్ కోటాలో ఇంటర్వ్యూనే లేదు. ర్యాంకు, రిజర్వేషన్, లోకల్ ఏరియా, పెట్టిన వెబ్ ఆప్షన్లు చూసి సీటిస్తారు.

ముందు కోర్సు తేల్చుకోవాలి

డీఫార్మసీ రెండేళ్లు, ఆపైన 500 గంటల ట్రైనింగ్. రిజిస్ట్రేషన్‌కు ఎగ్జిట్ పరీక్షను 2022లో నిబంధనల్లో చేర్చారు. మెడికల్ షాపు పెట్టుకోవాలంటే ఈ కోర్సు చాలు. ఈసెట్ రాస్తే బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరొచ్చు కూడా.

బీఫార్మసీ నాలుగేళ్లు. మందుల కంపెనీలు, డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలు, ఎంఫార్మసీ ఈ దారిలో ఉంటాయి. ఫార్మ్‌డీ ఆరేళ్లు, చివరి ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకున్నా అది ఎంబీబీఎస్‌తో సమానం కాదు. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్ల చదువులు కూడా ఉంటే ఈ ఆరేళ్ల ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి.

సర్టిఫికెట్‌లో పొరపాటు వద్దు

షేక్ కుటుంబాలు బీసీ-ఈ కిందికి వస్తాయి, దీనికి 4 శాతం సీట్లున్నాయి. దూదేకుల, నూర్‌బాషా వాళ్లు బీసీ-బి. సయ్యద్, పఠాన్ కుటుంబాలకు బీసీ-ఈ వర్తించదు, వాళ్లు ఈడబ్ల్యూఎస్ అర్హత చూసుకోవాలి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే కన్నా ఇప్పుడే కులం, ఆదాయం పత్రాలు తీసుకోవడం మేలు.

ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో ఉంది. గిద్దలూరు వాళ్లకు నంద్యాల దగ్గరే, కానీ అది శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా, అక్కడ నాన్‌లోకల్ అవుతారు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే కాబట్టి ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి. రెండో విడతలో కొత్త ఆప్షన్ పెట్టి, ఆ సీటు వస్తే పాత సీటు పోతుంది. ఆ కాలేజీకి వెళ్లే ఉద్దేశం నిజంగా ఉంటేనే పెట్టాలి.

కాలేజీని ఏం అడగాలి?

• ఈ ఏడాదికి, ఈ కోర్సుకు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదం ఉందా? ఎన్ని సీట్లకు? జవాబు నోటిమాటగా వద్దు, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. గుర్తింపు లేని చదువుతో ఫార్మసిస్టుగా రిజిస్టర్ కాలేరు.

• ఫార్మ్‌డీ అయితే పిల్లలు ఏ ఆస్పత్రికి వెళ్తారు? వార్డులు ఒకసారి చూపిస్తారా?

• ఇది కన్వీనర్ సీటా, మేనేజ్‌మెంట్ సీటా? మేనేజ్‌మెంట్ సీటుకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ‘తర్వాత చూద్దాంలే’ అనే మాట నమ్మి చేరితే అప్పు మిగులుతుంది.

• హాస్టల్, బస్సు, ల్యాబ్, పరీక్ష ఫీజులు కలిపి ఏడాదికి ఎంత? కాగితం మీద రాసివ్వమనాలి.

సీటు ఖాయం కాకముందే అడ్వాన్స్ పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. అవి వాళ్ల చేతిలో ఉంటే ఇంకో కాలేజీలో మంచి సీటు వచ్చినా కదల్లేరు.

ఇంటర్వ్యూ ఉన్నచోట

సొంతంగా అడ్మిషన్లు చేసుకునే కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు, మేనేజ్‌మెంట్ కోటాలో కొన్ని కాలేజీలు పిల్లలతో మాట్లాడతాయి. ఫార్మసీ ఎందుకు, ఇంటర్ కెమిస్ట్రీలో ఏం నచ్చింది, చదువయ్యాక ఏం చేస్తారు వంటివే ఎక్కువగా అడుగుతారు. బట్టీ పట్టిన ఇంగ్లీషు కన్నా సొంత మాట నిలబడుతుంది. ఊళ్లో మెడికల్ షాపులో ఒక గంట కూర్చుని, చీటీ చూసి మందు ఎలా ఇస్తారో, గడువు తేదీ ఎందుకు చూస్తారో తెలుసుకుంటే చెప్పడానికి నిజమైన విషయం దొరుకుతుంది. తెలియనిది అడిగితే ‘తెలియదు సార్, నేర్చుకుంటాను’ అనడంలో తప్పు లేదు.

జవాబు మాత్రం పిల్లలే చెప్పాలి. పక్కన కూర్చున్న అబ్బా ఫీజు గురించి, హాస్టల్ గురించి తన ప్రశ్నలు తాను అడిగితే చాలు.