ఫోనులో వచ్చే సగం మాట



మేము నర్సింగు చదివే రోజుల్లో ఒక మందు గురించి తెలుసుకోవాలంటే లైబ్రరీ బీరువా తాళం తీయించుకోవలసి వచ్చేది. ఏ వైద్య పత్రికలో ఏ వ్యాసం ఉందో చెప్పే ఇండెక్స్ మెడికస్ అనే సూచిక 1879లో అమెరికాలో మొదలైంది. లావుపాటి పుస్తకాలు అవి. ఆ సమాచారం 1997లో పబ్‌మెడ్ పేరుతో ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా దొరికింది. 2004తో ఆ పుస్తకాల అచ్చు ఆగిపోయింది. ఇప్పుడు మీ ఫోనులోనే అన్నీ చూడవచ్చు. షుగరు ఉన్నవారు పాదాలు ఎలా కాపాడుకోవాలో ముందే చదివి వస్తుంటే మాకు సంతోషమే.

అయితే చేతులు మారేకొద్దీ మాట సగమైపోతుంది. డెక్సామెథసోన్ సంగతే చూడండి. ఇది చవకైన, పాత స్టెరాయిడ్ మందు. కోవిడ్ రోగులలో దీని ఫలితాన్ని బ్రిటన్‌లోని రికవరీ పరిశోధకులు 2020 జూన్‌లో ప్రకటించారు. వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారి మరణాలు అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనబడలేదు. ఈ కబురు కొద్ది గంటల్లో ప్రపంచమంతా తెలిసింది, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. పాతకాలమైతే ఎన్ని నెలలు పట్టేదో!

కానీ 2021లో వాట్సాప్‌లో తిరిగిన మందుల చీటీలలో ఆ చివరి మాట లేదు. ఆక్సిజన్ చక్కగా ఉన్నవారు కూడా జ్వరం వచ్చిన మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ మాత్రలు కొని మింగారు. మొదటి రోజుల్లో మన శరీరం వైరస్‌తో పోరాడుతూ ఉంటుంది. స్టెరాయిడ్ ఆ పోరాట శక్తినే తగ్గిస్తుంది, రక్తంలో షుగరును పెంచుతుంది. ఆ ఏడాది బ్లాక్ ఫంగస్ ఎక్కువగా వచ్చింది షుగరు ఉన్నవారికి, స్టెరాయిడ్లు వాడినవారికే. తెలంగాణలో దాని కోసం హైదరాబాదు కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రిని ప్రత్యేకంగా కేటాయించవలసి వచ్చింది. కన్ను పోగొట్టుకున్నవారు ఉన్నారు.

రక్తపరీక్ష రిపోర్టులు కూడా ఇప్పుడు ఫోనుకే వస్తున్నాయి. అంకె పక్కన ‘హెచ్’ అని కనబడగానే రాత్రంతా వెదికి, తెల్లారేసరికి పెద్ద జబ్బే ఉందని ఏడుస్తూ వచ్చేవారిని చూస్తున్నాము. చాలా పరీక్షలలో నార్మల్ అంటే ఆరోగ్యవంతులలో నూటికి 95 మందికి వచ్చే అంకెలు. మిగిలిన అయిదుగురికి జబ్బు లేకపోయినా హెచ్చో తగ్గో చూపిస్తుంది. అలాగని రిపోర్టును పక్కన పడేయవద్దు, డాక్టరుగారికి చూపించండి. మీ వయస్సు, మీరు వాడే మందులు ఫోనుకు తెలియవు గదా.

మీరు చదివినది, ఎవరైనా పంపినది చెరిపివేయకుండా మా సిస్టర్లకు చూపించండి. ఎవరూ కోప్పడరు. దాన్ని చూసి బి.పి., షుగరు, ఫిట్స్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. గుండెనొప్పి, మూతి వంకర పోవడం, ఆయాసం వంటివి వస్తే ఫోనులో వెదకకండి. రాత్రయినా సరే, వెంటనే బయలుదేరి రండి. వాడుతున్న మాత్రల అట్టలు, పాత రిపోర్టులు సంచిలో వేసుకొని తెండి.