అంతరిక్ష క్రీడలు: వాస్తవమెంత? వినోదమెంత?

అంతరిక్షంలో వేగాన్ని హరించే గాలి లేదు. ఒకసారి వేగమందుకున్న నౌక, ఇంజను ఆపివేసినా అదే దిశలో సాగిపోతూనే ఉంటుంది. ఆగాలంటే వెనుకకు తిరిగి మళ్ళీ ఇంజనును మండించవలసిందే. న్యూటన్ చెప్పిన ఈ సూత్రాన్ని మన పిల్లలు పాఠశాలలోనే చదువుకుంటారు. అయినా వారు కంప్యూటరుపై ఆడే అంతరిక్ష క్రీడలు పెక్కింటిలో నౌకలు విమానాలవలె మలుపులు తిరుగుతూ ఉంటాయి. ఇది రూపకర్తల అజ్ఞానం కాదు. తెలిసి చేసిన ఎంపిక.

1984లో ఇంగ్లాండులో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ రూపొందించిన ‘ఎలైట్’ క్రీడలో నౌకలు విమానాల తీరుననే ఎగిరాయి. 1993లో వెలువడిన దాని తరువాయి ‘ఫ్రాంటియర్’లో బ్రాబెన్ న్యూటన్ సూత్రాలను ప్రవేశపెట్టారు. శాస్త్రం గెలిచింది గాని, పోరాటంలో నౌకలు రెప్పపాటులో ఒకదానినొకటి దాటిపోవడంతో గురి కుదరడమే గగనమైంది. 2014 నాటి ‘ఎలైట్ డేంజరస్’లో మధ్యేమార్గం అవలంబించారు. అందులో నౌక వేగానికి పరిమితి ఉంది; నడపడంలో కంప్యూటరు తోడ్పడుతుంది; నేర్పరి ఆ తోడ్పాటును వద్దనుకోవచ్చు.

‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ది వేరొక మార్గం. 2011లో తొలిసారి వెలువడి, 2015లో పూర్ణరూపం దాల్చిన ఈ క్రీడలో గ్రహం వ్యాసార్ధం 600 కిలోమీటర్లే, అంటే భూమిలో దాదాపు పదోవంతు. అందువల్ల కక్ష్యను కొద్ది నిమిషాలలోనే చేరవచ్చు. సుదీర్ఘ ప్రయాణాలలో కాలాన్ని లక్ష రెట్ల వరకు వేగిరపరచవచ్చు. పరిమాణాన్ని, కాలాన్ని కుదించినా కక్ష్యాగమన ధర్మాన్ని మాత్రం వదలలేదు.

ఆ ధర్మం ఎంత విచిత్రమైనదో 1965 జూన్‌లో జెమినీ-4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్‌కు అనుభవమైంది. తమ రాకెట్టు చివరి దశను సమీపించాలని ఆయన దానివైపే నౌకను నడిపారు. అది మరింత దూరమైంది. వేగం పెంచితే కక్ష్య పెద్దదవుతుంది, ప్రదక్షిణకు పట్టే కాలమూ పెరుగుతుంది. ముందున్నదానిని అందుకోవాలంటే మొదట వేగం తగ్గించి దిగువ కక్ష్యలోకి దిగాలి. ఈ పాఠం కెర్బల్ ఆడే విద్యార్థికి కొన్ని విఫలయత్నాలతోనే బోధపడుతుంది.

అయితే ఈ క్రీడ కూడా ఒక సత్యాన్ని విడిచిపెట్టింది. లెక్కలు సులువుగా సాగడానికి నౌకపై ఒక సమయంలో ఒకే గోళపు ఆకర్షణను పరిగణిస్తుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన మన ఆదిత్య-ఎల్1, భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడు, భూమి ఇరువురి ఆకర్షణలూ కలిసి ఏర్పరచిన బిందువు చుట్టూ పరిభ్రమిస్తోంది. కెర్బల్ లోకంలో అటువంటి బిందువుకు తావే లేదు.

కనుక మన పిల్లలు ఇటువంటి క్రీడను ఆడుతున్నప్పుడు అది వాస్తవమా, కల్పితమా అని అడిగి ఊరుకోరాదు. ఏ సత్యాన్ని నిలుపుకొన్నది, దేనిని ఎందుకు విడిచిపెట్టినది అని వారితో కలిసి విచారించాలి. ఆ విచారణలోనే ఆట చదువుగా మారుతుంది.