గ్రహణమొర్రి: శస్త్రచికిత్సకు పూర్వపు అపోహలు, వాస్తవములు

గ్రహణవేళ గర్భవతి కత్తిపీట ముట్టినందుననే శిశువు పెదవి చీలినదను విశ్వాసము, తక్కిన తెలుగునాటవలెనే, మైపాడు మొదలుకొని తూపిలిపాళెము వఱకు గల ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరపు పల్లెలలోను నేటికిని వేరూనియున్నది. పిండముయొక్క పైపెదవి నాల్గవ, ఏడవ వారముల నడుమ, అనగా పెక్కుమంది స్త్రీలు నెల తప్పిన సంగతి రూఢిపఱచుకొను నాటికే, కలిసిపోవును. అంగిలియు అటుపిమ్మట కొలది వారములలో మూసికొనును. కావున 2010 జనవరి 15న సూర్యగ్రహణము పట్టినపుడు ఏడవ నెల గర్భముతో నున్న తల్లి కాయగూరలు తఱిగినను, తఱుగక చీకటిగదిలో శయనించినను, ఆమె బిడ్డ పెదవికి కలిగిన భేద మేమియు లేదు. ప్రపంచమున సుమారు 700 జననములకు ఒకటి చొప్పున, గ్రహణనియమము లెఱుగని దేశములందును, ఈ లోపము కానవచ్చుచున్నది. వంశపారంపర్యము, ధూమపానము, మూర్ఛకు వాడు కొన్ని మందులు దీనికి దోహదము చేయవచ్చును గాని, ఒక్కొక్క బిడ్డ విషయమున ఇదియే హేతువని తేల్చుట సాధారణముగా సాధ్యము కాదు. నింద మాత్రము ఎల్లపుడు తల్లిపైననే పడుట, తండ్రి వంశము నెవరును ప్రశ్నింపకుండుట ఖగోళశాస్త్రమునకు సంబంధించిన విషయము కాదు.

ఇంతకన్న హానికరమైన అపోహ మఱియొకటి కలదు: ‘మొర్రి బిడ్డ పాలు త్రాగలేదు, ఆపరేషను అయిన పిమ్మట త్రాగునులే’ యని ఊరకుండుట. వాస్తవమునకు శస్త్రచికిత్సయే బిడ్డ బరువుకొఱకు వేచియుండును. పది వారముల వయస్సు, పది పౌనుల బరువు, అనగా రమారమి నాలుగున్నర కిలోలు, డెసిలీటరు రక్తమున పది గ్రాముల హిమోగ్లోబిను ఉండవలెనని వైద్యులు చిరకాలముగా పాటించు నియమము. నేడు పెదవిని సాధారణముగా మూడు, ఆరు నెలల మధ్యను, అంగిలిని తొమ్మిది, పదునెనిమిది నెలల మధ్యను సరిచేయుదురు. పెదవి మాత్రమే చీలిన శిశువులలో పలువురు రొమ్ము పట్టి త్రాగగలరు. అంగిలి చీలినచో నోటిలో పీల్పు కుదరదు గనుక, పాలు పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో, బిడ్డను ఏటవాలుగా కూర్చుండబెట్టి, కొంచెము కొంచెముగా పోయుచు, గాలి ఎక్కువగా మ్రింగును గావున నడుమ నడుమ భుజముపై వేసికొని త్రేపించవలెను. ముక్కున పాలు వచ్చినచో కాసేపు ఆగి మరల పట్టవలెనేగాని, పాలు మానిపింపరాదు. తఱచుగా తూచి చూచుకొనుట అన్నిటికన్న ముఖ్యము.

తేనె నాకించి, వస అరగదీసి పోసినచో మాట స్పష్టమగునందురు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరము. చీలిన అంగిలి కండరములను వస కలుపజాలదు.

ఆపరేషను ముందటి రాత్రియంతయు పస్తుంచవలెనను మాటయు సరికాదు. సాధారణముగా మత్తునకు నాలుగు గంటల ముందు వఱకు తల్లిపాలు, ఆరు గంటల ముందు వఱకు పోతపాలు ఇయ్యవచ్చును. ఆ వేళను మత్తువైద్యుడే నిర్ణయించును. అట్లే తేదీ తప్పిపోవునని జలుబును, జ్వరమును దాచుట మత్తువేళ శ్వాసకు ముప్పు తెచ్చును. టీకాలు మానవలసిన పని లేదు, వేయించిన దినము చెప్పిన చాలును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున గ్రహణమొర్రిని చేర్చియున్నారు గనుక, ఊరి ఆశా కార్యకర్తకు తెలిపినచో ఉచిత చికిత్సకు మార్గమేర్పడును. అంగిలి చీలిన శిశువులకు చెవులలో నీరు చేరి వినికిడి తగ్గుట సామాన్యము గావున, మొదటిసారి ఆసుపత్రికి పోయినపుడే చెవులనుగూడ పరీక్షింపుమని అడుగవలెను.