అంతర్గత ఫ్యాక్స్ మోడెమ్ కార్డు: అమరిక, నిర్వహణ, తెలుగు లిపి ప్రసారం

వ్యాససంగ్రహం:

కంప్యూటరు లోపల అమర్చే ఫ్యాక్స్ మోడెమ్ కార్డు టెలిఫోను తీగ మీదుగా పత్రాన్ని బొమ్మ రూపంలో పంపుతుంది, స్వీకరిస్తుంది. తెలుగు ఫాంట్లకు ఏకరూప సంకేతవ్యవస్థ ఆచరణలో లేని కాలంలో, అవతలివారి దగ్గర అదే ఫాంటు లేకపోయినా తెలుగు పాఠం చేరడానికి ఈ పద్ధతి తోడ్పడింది. అయితే ఫ్యాక్స్ స్పష్టతకున్న పరిమితులు తెలుగు ఒత్తులనూ గుణింతాలనూ ప్రత్యేకంగా ప్రభావితం చేస్తాయి. కార్డు అమరిక, పనిచేసే విధానం, తెలుగు లిపి విషయంలో పాటించాల్సిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్యాక్స్, మోడెమ్, తెలుగు లిపి, ఫాంటు, ఒత్తులు, పాఠశుద్ధి, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

ఫ్యాక్స్ టెలిఫోను కంటే పాతది. అలెగ్జాండర్ బెయిన్ 1843లోనే తీగ ద్వారా చిత్రాన్ని పంపే విధానానికి పేటెంటు పొందాడు. జియోవన్నీ కసెల్లి రూపొందించిన యంత్రంతో 1865లో పారిస్, లియోన్ నగరాల మధ్య వాణిజ్యసేవ మొదలైంది. టెలిఫోనుకు పేటెంటు లభించింది 1876లో. నేడు ఫ్యాక్స్ అనగానే గుర్తుకు వచ్చే విధానం మాత్రం 1980లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన 'గ్రూప్ 3'. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు సంస్థలు తయారుచేసిన యంత్రాలు ఒకదానితో ఒకటి సంభాషించగలగడం ఈ ప్రమాణం వల్లనే సాధ్యమైంది.

ఫ్యాక్స్ యంత్రం చేసే పనిని కంప్యూటరుకు అప్పగించే పరికరమే ఫ్యాక్స్ మోడెమ్. 'మాడ్యులేటర్', 'డీమాడ్యులేటర్' అనే రెండు పదాల సంక్షిప్తరూపం 'మోడెమ్'. కంప్యూటరులోని అంకెలను టెలిఫోను తీగ మోయగల ధ్వనులుగా మార్చడం మొదటి పని. వచ్చిన ధ్వనులను మళ్ళీ అంకెలుగా మార్చడం రెండవ పని. ప్రత్యేకమైన పెట్టెగా కంప్యూటరు బయట ఉండేది బాహ్య మోడెమ్. మదర్‌బోర్డు మీది స్లాటులో అమర్చేది అంతర్గత మోడెమ్.

2. తెలుగుతో ఈ సాధనానికి గల సంబంధం:

భారతీయ లిపులకు ఉద్దేశించిన 'ఇస్కీ' సంకేతవ్యవస్థను భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా స్వీకరించింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు చోటు దక్కింది. కానీ ప్రమాణం వెలువడిన నాటికీ అది సామాన్యుని బల్లమీదికి చేరిన నాటికీ మధ్య చాలా ఎడం ఉంది. విండోస్ వ్యవస్థలో తెలుగు యూనికోడ్‌కు ఆధారం 2001 నాటి 'ఎక్స్‌పీ'తో లభించింది. ఈ మధ్యకాలంలో, ఆ తరువాత కూడా, తెలుగు ముద్రణరంగం అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లపైనే ఎక్కువగా ఆధారపడింది. ఒక ఫాంటులో కూర్చిన పాఠాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది.

ఫ్యాక్స్‌కు ఈ చిక్కు లేదు. అది అక్షరాన్ని సంకేతంగా పంపదు. అక్షరం ఆకారాన్ని నలుపు తెలుపు చుక్కలుగా పంపుతుంది. పంపేవారి కంప్యూటరులో ఫాంటు ఉంటే చాలు, అందుకొనేవారి దగ్గర ఏ ఫాంటూ అక్కరలేదు. ప్రూఫు పుటలు, శాసనప్రతుల నకళ్ళు, సదస్సు పత్రాలు ఒక ఊరినుండి మరో ఊరికి పంపుకోవలసిన అధ్యాపకులకూ పత్రికలవారికీ అప్పట్లో ఇది ప్రధానమైన సౌకర్యంగా ఉండేది.

3. కార్డు అమరిక:

3.1 జాగ్రత్తలు: కంప్యూటరును ఆపి, విద్యుత్ ప్లగ్గును గోడనుండి తీసివేయాలి. టెలిఫోను తీగను కూడా విడదీయాలి. వాడుకలో లేనప్పుడు సైతం టెలిఫోను తీగలో సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. గంట మోగేటప్పుడు అది మరింత పెరుగుతుంది. క్యాబినెట్ తెరిచాక, కార్డును ముట్టుకునే ముందు లోపలి లోహపు చట్రాన్ని ఒకసారి తాకాలి. దీనివల్ల శరీరంలో నిలిచిన స్థిరవిద్యుత్తు కార్డుమీది చిప్పులను దెబ్బతీయదు. కార్డును అంచులు పట్టుకొని ఎత్తాలి.

3.2 స్లాటు ఎంపిక: పాత కంప్యూటర్లలో నల్లగా, పొడవుగా ఉండేవి 'ఐఎస్ఏ' స్లాట్లు. తరువాతి కాలపు కంప్యూటర్లలో సాధారణంగా తెల్లగా, పొట్టిగా ఉండేవి 'పీసీఐ' స్లాట్లు. కార్డు ఏ రకానిదో ఆ స్లాటునే ఎంచుకోవాలి. స్లాటుకు ఎదురుగా ఉన్న రేకుముక్కను తొలగించి, కార్డును రెండు చివరలా సమానంగా నొక్కి, మరను బిగించాలి. కార్డు ఒకవైపు పైకి లేచి ఉంటే కంప్యూటరు దానిని గుర్తించకపోవచ్చు.

3.3 జంపర్లు: ఐఎస్ఏ కార్డులలో పోర్టును చిన్న జంపర్లతో నిర్ణయిస్తారు. సంప్రదాయికంగా కామ్ 1, కామ్ 3 పోర్టులు ఐఆర్‌క్యూ 4ను, కామ్ 2, కామ్ 4 పోర్టులు ఐఆర్‌క్యూ 3ను పంచుకుంటాయి. కామ్ 1 మీద మౌస్ ఉండగా మోడెమ్‌ను కామ్ 3లో పెడితే, మోడెమ్ డయల్ చేయగానే మౌస్ కదలిక నిలిచిపోవచ్చు. అందువల్ల అలాంటి కంప్యూటరులో మోడెమ్‌కు కామ్ 2ను కేటాయించి, మదర్‌బోర్డులో ముందే ఉన్న కామ్ 2ను బయోస్‌లో నిలిపివేయడం మేలు. పీసీఐ కార్డులలో ఈ ఏర్పాటును కంప్యూటరే చూసుకుంటుంది.

3.4 తీగల అనుసంధానం: కార్డు వెనుక రెండు రంధ్రాలు ఉంటాయి. 'లైన్' అని రాసినదానికి గోడనుండి వచ్చే తీగను, 'ఫోన్' అని రాసినదానికి టెలిఫోను పరికరాన్ని కలపాలి. డయల్ టోన్ రాకపోతే ముందుగా పరీక్షించవలసింది ఈ రెండూ తారుమారయ్యాయా అన్నదే. అదే తీగమీద బ్రాడ్‌బ్యాండ్ కూడా ఉంటే, మోడెమ్ కార్డుకు ముందు ఫిల్టరును తప్పక కలపాలి.

3.5 డ్రైవరు: సంకేతాలను మార్చే పనిని స్వయంగా చేసుకొనే కార్డులు కొన్ని. ఆ పనిని కంప్యూటరు ప్రాసెసరుకు వదిలేసే చవుకరకం కార్డులు మరికొన్ని. వీటికే 'విన్‌మోడెమ్' అని పేరు. రెండవ రకం పూర్తిగా డ్రైవరుపై ఆధారపడుతుంది కనుక, ఆపరేటింగ్ సిస్టమ్ మారితే కార్డు బాగానే ఉన్నా నిరుపయోగం కావచ్చు. విండోస్ ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌లోని 'ఫోన్ అండ్ మోడెమ్ ఆప్షన్స్'లో మోడెమ్‌ను ఎంచుకొని, 'డయాగ్నస్టిక్స్' కింద 'క్వెరీ మోడెమ్' నొక్కితే కార్డు ఇచ్చే జవాబులు కనిపిస్తాయి. జవాబు వస్తే అమరిక సరిగా ఉన్నట్లే. ఆ తరువాత విండోస్ భాగాలలోనుండి 'ఫ్యాక్స్ సర్వీసెస్'ను చేర్చుకోవాలి.

4. నిర్వహణ:

4.1 పంపడం: ఫ్యాక్స్ సాఫ్ట్‌వేరు కంప్యూటరులో ఒక ప్రింటరుగా కనిపిస్తుంది. పత్రాన్ని ముద్రించేటప్పుడు ఆ ప్రింటరును ఎంచుకుంటే, కాగితం మీదికి వెళ్ళవలసిన పుట చుక్కల బొమ్మగా మారి టెలిఫోను తీగలోకి వెళుతుంది. కాగితపు ఫ్యాక్స్ యంత్రం కంటే ఇందులో ఒక మేలు ఉంది. యంత్రం ముద్రిత పుటను మళ్ళీ స్కాన్ చేస్తుంది. కాగితం వంకరగా వెళ్ళినా, సిరా అలికినా ఆ లోపాలు బొమ్మలో చేరతాయి. ఫ్యాక్స్ మోడెమ్ విషయంలో బొమ్మ నేరుగా ఫాంటునుండే తయారవుతుంది కనుక అక్షరం అంచులు శుభ్రంగా ఉంటాయి.

4.2 డయల్ సమస్య: భారతదేశపు డయల్ టోన్ అమెరికా డయల్ టోన్‌కు భిన్నమైనది. అమెరికా ప్రమాణాలకు సిద్ధంచేసిన మోడెమ్ ఇక్కడి టోన్‌ను గుర్తించక 'నో డయల్‌టోన్' అని చెప్పి ఆగిపోవచ్చు. అదనపు ఆదేశాల గడిలో 'ఎక్స్3' అని చేరిస్తే, మోడెమ్ టోన్ కోసం వేచి ఉండకుండా డయల్ చేస్తుంది. కాల్ వెయిటింగ్ సదుపాయం ఉంటే దానిని ముందుగా నిలిపివేయాలి. ప్రసారం మధ్యలో వచ్చే ఆ చిన్న ధ్వని పుటను చెడగొట్టగలదు.

4.3 రెండు యంత్రాల సంభాషణ: ఫ్యాక్స్ కాల్‌లో ఐదు దశలు ఉంటాయి. మొదటిది కాల్ కలవడం. పంపే యంత్రం 1100 హెర్ట్జ్ ధ్వనిని ఆగి ఆగి వినిపిస్తుంది. అందుకొనే యంత్రం 2100 హెర్ట్జ్ ధ్వనితో బదులిస్తుంది. రెండవ దశలో ఇరుయంత్రాలు తమ శక్తిసామర్థ్యాలను సెకనుకు 300 బిట్ల నెమ్మదైన వేగంతో చెప్పుకొని, ఒక పరీక్షాసంకేతంతో తీగను పరీక్షిస్తాయి. తీగ బాగుంటే సెకనుకు 14,400 బిట్ల వేగం కుదురుతుంది. లేకపోతే 9,600, 7,200, 4,800, చివరకు 2,400కు దిగుతాయి. మూడవ దశ పుట ప్రసారం. నాలుగవ దశ పుట అందినట్లు ధ్రువీకరణ. ఐదవది కాల్ ముగింపు.

మోడెమ్ పెట్టెమీద '56కె' అని ఉన్నంతమాత్రాన ఫ్యాక్స్ ఆ వేగంతో వెళ్ళదు. అది ఇంటర్నెట్ వంటి డేటా అనుసంధానానికి చెందిన సంఖ్య. ఫ్యాక్స్‌కు సాధారణంగా 14,400 బిట్లే గరిష్ఠం.

4.4 స్వీకరించడం: కంప్యూటరు నడుస్తూ ఉండి, ఎన్ని గంటలు మోగాక కాల్ తీసుకోవాలో సాఫ్ట్‌వేరులో చెప్పి ఉండాలి. అదే తీగను మాట్లాడుకోవడానికి కూడా వాడుతుంటే స్వయంచాలక స్వీకరణను నిలిపి, అవసరమైనప్పుడు చేత్తో స్వీకరించడం మంచిది. అందిన పుట సాధారణంగా 'టిఫ్' బొమ్మగా నిల్వ అవుతుంది. వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద ముద్రితమైన ఫ్యాక్స్ కొన్నేళ్ళలో వెలిసిపోతుంది. బొమ్మగా దాచినది వెలిసిపోదు.

5. తెలుగు లిపి విషయంలో పరిమితి:

గ్రూప్ 3 ఫ్యాక్స్‌లో 215 మిల్లీమీటర్ల వెడల్పుగల ఒక్కో అడ్డువరుసకు 1,728 చుక్కలు ఉంటాయి. అంటే అడ్డంగా మిల్లీమీటరుకు సుమారు 8 చుక్కలు. నిలువున మాత్రం 'స్టాండర్డ్' పద్ధతిలో మిల్లీమీటరుకు 3.85 వరుసలు, 'ఫైన్' పద్ధతిలో 7.7 వరుసలు. స్టాండర్డ్ పద్ధతిలో తగ్గేది నిలువు స్పష్టత.

రోమన్ లిపిలో అక్షరాలు పక్కపక్కన సాగుతాయి కనుక దీనివల్ల పెద్దగా నష్టం లేదు. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వం పైన, ఒత్తులు కింద. అర్థభేదాన్ని కలిగించే గుర్తులు నిలువుగా పేర్చబడి ఉంటాయి. 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు సుమారు 4.2 మిల్లీమీటర్లు. స్టాండర్డ్ పద్ధతిలో అందులో పట్టేవి 16 వరుసలే. ఆ ఎత్తులో నాలుగో వంతు ఒత్తుకు కేటాయిస్తే, ఒత్తు మొత్తం 4 వరుసల్లో ఇమడాలి. ఫైన్ పద్ధతిలో ఇది రెట్టింపవుతుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. 'దార' అంటే భార్య, 'ధార' అంటే ప్రవాహం. రెంటికీ భేదం కింద ఉన్న చిన్న గీత. 'పలము' తూకం, 'ఫలము' పండు. 'విడు', 'వీడు' అనే పదాల్లో గుడి, గుడిదీర్ఘం కలిసిపోతే అర్థంతోపాటు లఘువు గురువవుతుంది, గణం మారుతుంది. పద్యపాఠాన్ని ఫ్యాక్స్‌లో అందుకొని పరిష్కరించే పండితుడు యంత్రం చేసిన లోపాన్ని లేఖకదోషంగానో పాఠాంతరంగానో పొరబడే ప్రమాదం ఉంది.

తీగలోని గరగర శబ్దం మరో కారణం. సాధారణ సంపీడన పద్ధతిలో దోషం ఆ ఒక్క వరుసకే పరిమితమవుతుంది. ముందరి వరుసతో పోల్చి తేడాను మాత్రమే పంపే పద్ధతిలో దోషం తరువాతి వరుసలకూ పాకుతుంది. చెడిన భాగాన్ని తిరిగి రప్పించే దోషసవరణ పద్ధతి ఇరువైపులా ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

6. పాటించదగిన పద్ధతులు:

1. తెలుగు పాఠాన్ని ఎల్లప్పుడూ ఫైన్ పద్ధతిలోనే పంపాలి. సంపీడనం లేకుండా లెక్కిస్తే ఏ4 పుట ఫైన్ పద్ధతిలో దాదాపు 39.5 లక్షల చుక్కలు. 14,400 బిట్ల వేగంతో ఇది నాలుగున్నర నిమిషాల పని. తెల్లని భాగం ఎక్కువగల పాఠపుటకు సంపీడనం వల్ల ఈ సమయం బాగా తగ్గుతుంది.

2. అక్షర పరిమాణం 14 పాయింట్లకు తగ్గకుండా, పంక్తుల మధ్య ఎడం ఎక్కువగా ఉంచాలి.

3. దోషసవరణ సదుపాయం ఉంటే తెరిచి ఉంచాలి.

4. ప్రతి పుటపై వరుససంఖ్యతో పాటు మొత్తం పుటల సంఖ్య వేయాలి.

5. పద్యాలు, శాసనపాఠాలు పంపినప్పుడు సందేహాస్పదమైన అక్షరాలను ఫోనులో చదివి సరిచూసుకోవాలి.

6. తాళపత్రాల ఛాయాచిత్రాలకు ఫ్యాక్స్ తగదు. సాధారణ గ్రూప్ 3 ఫ్యాక్స్‌లో నలుపు, తెలుపు తప్ప నడిమి ఛాయలు లేవు. ఆకు మరక, గంటపు గీత ఒకే నలుపుగా కనిపిస్తాయి.

7. ముగింపు:

ఫైబరు తీగలు వచ్చాక టెలిఫోను ధ్వని కూడా ఇంటర్నెట్ పొట్లాలుగా ప్రయాణిస్తున్నది. మాటకు సరిపోయే ధ్వనిసంపీడనం ఫ్యాక్స్ సంకేతాన్ని చెడగొడుతుంది, అందుకే 'టి.38' అనే ప్రత్యేక ప్రమాణం అవసరమైంది. కొత్త కంప్యూటర్లలో మోడెమ్ కార్డు కనిపించదు. యూనికోడ్ తెలుగును నేరుగా పంపగలుగుతున్నప్పుడు దాని అవసరం కూడా తగ్గింది.

అయినా పరిశోధకునికి ఈ సాధనం గురించిన ఎరుక అవసరమే. రచయితల లేఖల్లో, సంపాదకుల దస్త్రాల్లో ఫ్యాక్స్ ప్రతులు ఉన్నాయి. అలాంటి ప్రతిని ఆధారంగా తీసుకొనేటప్పుడు అది ఏ పద్ధతిలో వచ్చిందో, ఒత్తు లేకపోవడం రచయిత రాతలోనిదో తీగలో పోయినదో విచారించాలి. వెలిసిపోతున్న థర్మల్ ప్రతులను వెంటనే స్కాన్ చేసుకోవాలి. లేఖకుని అలవాట్లు తెలియకుండా తాళపత్రపాఠాన్ని నిర్ణయించడం ఎంత కష్టమో, యంత్రం అలవాట్లు తెలియకుండా ఫ్యాక్స్ పాఠాన్ని నిర్ణయించడమూ అంతే కష్టం.