గిటార్ కొన్నారు సరే, మొదటి పాట ఏది?



మ్యూజిక్ పీరియడ్‌లో గిటార్ ఎంచుకున్న పిల్లల తల్లిదండ్రులు పేరెంట్స్ మీటింగ్‌లో తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "సర్, మావాడు పాట ఎప్పుడు వాయిస్తాడు?" ఆ వెంటనే కొత్తగా వచ్చిన ఒక సినిమా పాట పేరు కూడా చెబుతారు. అడగడం న్యాయమే. చిక్కంతా ఆ పాట పేరు దగ్గరే.

కొన్న మూడు నెలలకే గిటార్ అటకెక్కడానికి మాకు ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. ఒకటి వేళ్ల నొప్పి. రోజూ కాసేపు వాయిస్తే కొన్ని వారాల్లో వేలికొసలు గట్టిపడి అది తగ్గిపోతుంది. రెండోది, చేతికి అందని పాటతో మొదలుపెట్టడం. దీన్ని మీరు ఆపగలరు.

గిటార్‌లో కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగేలా తీగలను ఒక పద్ధతిలో నొక్కి పట్టుకోవడం. సినిమా పాటల్లో ఈ కార్డ్స్ చకచకా మారుతుంటాయి. మధ్యలో ఎఫ్, బి మైనర్ లాంటివి వస్తాయి. వాటికి చూపుడు వేలిని తీగల మీద అడ్డంగా పడుకోబెట్టి నొక్కాలి. పదేళ్ల పిల్లల వేలికి అంత బలం ఎక్కడిది? తీగ మోగదు, పాట ఆగిపోతుంది, "నాకు రాదు" అన్న మాట వస్తుంది.

జానపదాలు అలా కాదు. పనిలోనో ఆటలోనో పదిమంది కలిసి పాడుకోవడానికి పుట్టిన పాటలవి. బాణీ చిన్నది, మళ్ళీ మళ్ళీ అదే వస్తుంది, గొంతు మరీ పైకి పోనక్కర్లేదు. కానీ జానపదం అన్నంత మాత్రాన ప్రతిదీ సులువు కాదు. చాలామంది "ఈ పాటలో ఎన్ని కార్డ్స్ ఉన్నాయి?" అని చూస్తారు. నన్నడిగితే, అవి ఎన్నిసార్లు మారుతున్నాయో లెక్కపెట్టండి అంటాను. పిల్లలు తడబడేది కార్డ్ పట్టుకోవడంలో కంటే ఒకదాని నుంచి మరోదానికి వెళ్ళడంలోనే.

ఉదాహరణకు రెండు అమెరికన్ జానపదాలు తీసుకుందాం. రెండింటికీ డి, ఏ7 అనే రెండు కార్డ్స్ చాలు. 'స్కిప్ టు మై లూ'లో మొదటి వరుసకు డి, రెండో వరుసకు ఏ7, మూడో వరుసకు మళ్ళీ డి, నాలుగో వరుసలో సగం ఏ7, సగం డి. అంటే నాలుగు వరుసల్లో నాలుగు మార్పులు, అదీ హుషారైన నడకలో. 'టామ్ డూలీ'లో అయితే ఒక చరణం మొత్తానికి రెండే మార్పులు: డి తో మొదలై, సగంలో ఏ7 కి వెళ్ళి, చివర్లో తిరిగి డి కి రావడమే. నడక కూడా నెమ్మది. కాబట్టి చేతికి 'టామ్ డూలీ' ముందు, 'స్కిప్ టు మై లూ' తర్వాత.

అయితే ఒక మాట. 'టామ్ డూలీ' ఒక హత్య కథ. నార్త్ కరోలినాలో 1866లో లారా ఫాస్టర్ అనే యువతి హత్యకు గురైంది. ఆ కేసులో టామ్ డూలా అనే అతన్ని 1868లో ఉరితీశారు. అక్కడి జనం పాడుకున్న ఆ పాట, 1958లో కింగ్‌స్టన్ ట్రయో రికార్డుతో ప్రపంచమంతా తెలిసింది. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ కథ మాట్లాడవచ్చు, వాళ్ళు ఆసక్తిగా వింటారు కూడా. మూడో తరగతి వాళ్ళకు 'స్కిప్ టు మై లూ'నే నెమ్మదిగా నేర్పించడం మేలు. ఫిడేలు పెట్టి నాట్యం చేయడాన్ని మతపెద్దలు తప్పుపట్టిన ఊళ్ళలో, అమెరికా యువత చప్పట్లతో పాడుకుంటూ ఆడిన ఆటపాటల్లో అదొకటి. మన చెమ్మచెక్కకు దూరపు చుట్టం అనుకోండి. ఇంగ్లిష్ పాటలు ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతాయి కాబట్టి, మాటల అర్థం ఒకసారి మీరు చదివాకే పిల్లలకు ఇవ్వండి.

ఇక మన పాటల సంగతి. తెలుగు జానపదాలకు గిటార్ పనికిరాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. మన బాణీలు కార్డ్స్‌ను దృష్టిలో పెట్టుకుని పుట్టలేదు, కాబట్టి ప్రతి పాటకూ జి, సి, డి అతికిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది నిజమే. దానికి తంబూరా పద్ధతి ఉంది. గిటార్ నాలుగో తీగ డి, ఐదో తీగ ఏ. డి ని 'సా' అనుకుంటే, ఏ దాని కింది 'పా' అవుతుంది. ఈ రెండు తీగలనూ ఏమీ నొక్కకుండా, ఒకదాని తర్వాత ఒకటి మీటుతూ ఉంటే చాలు, శ్రుతి పలుకుతుంది. ఎడమ చేతికి పనే లేదు! గిటార్ ఇంటికొచ్చిన రోజే మీ అమ్మాయి ఇలా మీటుతుంటే అమ్మమ్మ 'చందమామ రావే' పాడవచ్చు. ఒకరు చెబితే మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అని అందుకునే బతుకమ్మ పాటలకూ, సంక్రాంతి గొబ్బి పాటలకూ ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. పాట నేర్పడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వేరే ట్యూషన్ అక్కర్లేదు.

అమ్మమ్మ గొంతుకు ఆ శ్రుతి సరిపోకపోతే? పిల్లల గొంతుకూ ఇదే ఇబ్బంది వస్తుంది, గిటార్ పుస్తకాల్లోని శ్రుతి వాళ్ళకు తరచుగా కింద పడుతుంది. కాపో అనే చిన్న బిగింపు తెచ్చుకోండి. దాన్ని మూడో మెట్టు మీద బిగించి పాత డి, ఏ7 లనే పట్టుకుంటే పాట ఎఫ్ శ్రుతిలో పలుకుతుంది. వేళ్ళకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

రెండు కార్డ్స్ మధ్య చేయి ఆగకుండా తిరుగుతుందీ అనిపించాక జి, సి కలపండి. అప్పుడు 'వి షల్ ఓవర్‌కమ్' మంచి ఎంపిక. గిరిజా కుమార్ మాథుర్ హిందీలో రాసిన 'హమ్ హోంగే కామ్యాబ్' దీనికి రూపమే, బాణీ అదే. అసెంబ్లీలో పాడి పాడి పిల్లలకు నోటికి వచ్చినదే కాబట్టి మనసంతా వేళ్ళ మీద పెట్టవచ్చు. పాట ముందే తెలిసి ఉండటం సగం పని.

ఏడో తరగతి అబ్బాయికి 'రో రో రో యువర్ బోట్' ఇస్తే నవ్వుతాడు. ఒకే కార్డ్‌తో నడిచే పాట అయినా సరే, అది చిన్నపిల్లల పాట అని వాడికి సిగ్గు. అందుకే రెండు మూడు పాటలు వినిపించి ఏది కావాలో వాళ్ళనే చెప్పమనండి.

రోజుకు పావుగంట చాలు. హోంవర్క్ తర్వాత కంటే ముందైతే నయం, అప్పటికి ఇంకా అలసట ఉండదు. నెల తిరగకుండా చుట్టాల ముందు వాయించమని మాత్రం అడగకండి. కార్డ్ మారేటప్పుడు పాట ఒక్క క్షణం ఆగుతుంది, ఆగనివ్వండి. సాధారణంగా మేము ఒక పాటను పాడుతూ, ఆగకుండా, వరుసగా మూడుసార్లు వాయించగలిగాకే తర్వాతి పాట ఇస్తాం. ఈ నెల మీ పిల్లలు ఏ పాట మీద ఉన్నారో డైరీలో రాసి పంపుతున్నాం. ఇంట్లో ఎవరికైనా పాత పాట ఒకటి గుర్తుంటే, పల్లవి అదే పేజీలో రాసి పంపండి. దానికి ఏ తీగలు సరిపోతాయో క్లాసులో చూస్తాం.