వసూళ్లు వేరు, రాబడి వేరు

కరోల్ బాగ్, న్యూఢిల్లీ: మధ్యస్థ వ్యయంతో నిర్మించిన ఒక హిందీ కుటుంబ కథాచిత్రానికి 10 కోట్ల రూపాయలు ఖర్చయి, 20 కోట్లు వసూలైతే లాభమేనా? కాకపోవచ్చు.

కరోల్ బాగ్ ప్రేక్షకుడు మల్టీప్లెక్స్ టికెట్టును 236 రూపాయలకు కొన్నాడనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ కింద 36 రూపాయలు పోగా మిగిలేది 200. నిర్మాతలకు, మల్టీప్లెక్సులకు మధ్య 2009లో కుదిరిన ఒప్పందం ప్రకారం తొలి వారం పంపిణీదారు వాటా 50 శాతం, అంటే 100 రూపాయలు. రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆపై 30 శాతం.

ఈ లెక్కన 20 కోట్ల వసూళ్లలో పంపిణీదారుకు చేరేది 8.5 కోట్ల లోపే. ప్రచార వ్యయం అదనం.

భారీ చిత్రాలు తొలి వారంలోనే అధిక భాగం రాబట్టుకుంటాయి. కుటుంబ కథలు నోటిమాటతో నెమ్మదిగా పుంజుకుంటాయి. ప్రేక్షకులు పెరిగే వేళకు వాటా తరిగిపోవడమే వాటికి అసలు చిక్కు.